నా ఫిట్స్‌ను బ్రేకు మీదికి నెట్టిన సంగతి

నా ఒంట్లో ఏదో తేడా ఉందని మొదటిసారి తెలిసిన రోజు నా చేతిలోంచి టీ గ్లాసు ఎగిరిపడింది. జారిపడలేదు, ఎగిరిపడింది. జారితే కాళ్ళ దగ్గర పడాలి. అది నాలుగడుగుల అవతల గుమ్మం దగ్గర పడింది. కుడి భుజం కరెంటు తగిలినట్టు ఒక్కసారి పైకి లేచింది, అంతే. తెలివి తప్పలేదు. నొప్పి లేదు. ఉదయం ఆరున్నర అయింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, డిప్లొమా రెండో సంవత్సరం. పరీక్షల వల్ల అంతకు ముందు రెండు రోజులూ సరిగా నిద్రపోలేదు.

"ఏటిరా, గ్లాసు కూడా అట్టుకోలేవేటి?" అంది అమ్మ.

"కుఛ్ నహీ, ఫిసల్ గయా," అన్నాను. జారిందని. టాటానగర్ భాలుబాసాలోని మా ఇంట్లో అమ్మా నాన్నా తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబు చెప్పేవాణ్ణి. దాచాల్సింది ఉన్నప్పుడు ఇంకా తొందరగా చెప్పేవాణ్ణి.

తర్వాత నాలుగేళ్ళలో అలా చాలాసార్లు జరిగింది. టూత్‌బ్రష్ ఎగిరింది, దువ్వెన ఎగిరింది, గడ్డం గీసుకుంటుంటే చెంప తెగింది. నాకు లెక్కలు రాసే అలవాటు. నోటుబుక్కు చివరి పేజీలో తేదీ, సమయం, ఏ చెయ్యి, ముందు రోజు ఎన్ని గంటలు నిద్రపోయాను అని నాలుగు గడులు గీసి రాశాను. ఇరవై మూడుసార్లు నమోదు చేశాక చూస్తే రెండు సంగతులు తేలాయి. అన్నీ ఉదయం ఎనిమిది లోపే జరిగాయి. ఎక్కువ భాగం నిద్ర లేని రోజుల తర్వాతే జరిగాయి. ఏ డాక్టరైనా ఆ పేజీ చూసి ఉంటే నా జబ్బు పేరు అక్కడే చెప్పేవాడు. నేను ఆ పేజీ చింపి పొయ్యిలో వేశాను.

ఎందుకంటే మా వీధిలో ఒకాయనకు మూర్ఛ ఉండేది. ఆయన పడిపోతే జనం పరిగెత్తుకొచ్చి చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్ళు. ఆయన మంచి ఫిట్టరు, పాట కూడా బాగా పాడేవాడు. అయినా వీధిలో ఎవరికీ ఆయన పేరు గుర్తుండేది కాదు. "మూర్చోడు" అంటే చాలు, అందరికీ తెలిసేది. నా చేతిలో ఎవరూ తాళాలు పెట్టకూడదనుకున్నాను.

డిప్లొమా అయ్యాక ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో ఇన్‌స్పెక్షన్ పనిలో చేరాను. ఆ రోజుల్లోనే కలకత్తా నుంచి వచ్చిన ఒక వ్యాపారి ఖర్‌కాయి నది ఒడ్డున స్థలం లీజుకు తీసుకుని పార్కు పెట్టాడు. అందులో ఉక్కు రోలర్ కోస్టర్ కట్టే పని మా వర్క్‌షాపుకు వచ్చింది. పైపులు మేమే వంచాం, మేమే వెల్డింగు చేశాం. డ్రాయింగులో సగం నాది. దానికి ఉడన్ రైల్, అంటే ఎగిరే రైలు, అని పేరు పెట్టారు. గేటు మీద దేశంలోకెల్లా ఎత్తైన ఉక్కు ఉడన్ రైల్ అని హిందీలో పెద్ద బోర్డు రాయించారు. దేశంలో మిగిలినవాటిని ఎవరు కొలిచారో, ఆ రికార్డు నిజమో కాదో నాకు తెలియదు. మా దాని ఎత్తు మాత్రం గుండు దారం కట్టి టేపుతో నేనే కొలిచాను. ఇరవై ఒక్క మీటర్ల నలభై సెంటీమీటర్లు. సాక్చీలో, బిష్టుపూర్‌లో ఎవరు కనపడినా ఆ అంకె చెప్పేవాణ్ణి.

దాని బ్రేకు చేతితో వేసేది. ప్లాట్‌ఫారం మీద మనిషంత ఎత్తున ఒక లీవరు ఉండేది. అది లాగితే పట్టాల మధ్య చెక్క అతికించిన బ్రేకు షూలు పైకి లేచి బండి అడుగును ఒరుసుకునేవి. ఎంత లాగాలో, ఎప్పుడు లాగాలో అంతా లీవరు పట్టినవాడి చేతిలోనే ఉండేది. ఆ పనికి సింహాచలం బాబాయిని పెట్టారు. టాటానగర్ యార్డులో ఏళ్ళ తరబడి రైలు పెట్టెలను జరిపి కలిపే షంటింగ్ పని చేసి రిటైరైన మనిషి. స్టేషన్ దగ్గర బాగ్‌బేరాలో ఉండేవాడు. వాళ్ళ ఊరూ మా నాన్న ఊరూ పక్కపక్కనే, అందుకే బాబాయి అనేవాణ్ణి. రక్త సంబంధం లేదు. చదువు లేదు, వేలిముద్ర వేసేవాడు.

ఆయన ముందు సీటు మీద నిండా నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు పెట్టి, బండిని నీళ్ళు తొణక్కుండా ఆపేవాడు. జనం టికెట్టు కొనకుండా అది చూడటానికే నిలబడేవాళ్ళు.

"ఎలా బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"బ్రేకు లాగకూడదు బాబూ. పిలవాల. కొత్త కోడల్ని పిలిసినట్టు మెల్లిగా పిలవాల. మీ ఇంజినీర్లు అన్నీ లాగీస్తారు."

మా వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. కొలిచి సంతకం పెట్టేవాడే ముందు ఎక్కాలి. ఉడన్ రైల్‌కూ అదే పద్ధతి. రోజూ ఉదయం మొదటి ట్రిప్పు అన్ని సీట్లలోనూ ఇసుక బస్తాలతో నడిచేది. రెండో ట్రిప్పులో వెనక బస్తాలు, ముందు సీటులో నేను. దిగి రిజిస్టరులో ఏడు అంశాలు రాసి సంతకం పెడితేనే గేటు తెరిచేవాళ్ళు. బోల్టులు, చైను, చక్రాలు, ఒడి మీదికి దించే లాప్ బార్, మోటారు, బ్రేకు షూలు, ఆగిన దూరం. బ్రేకు మొదలైన చోటు నుంచి బండి ఆగిన చోటు వరకు టేపు పట్టేవాణ్ణి. బాబాయి చేతిలో అది తొమ్మిది మీటర్లకు అటూ ఇటూ ఒక అడుగు కూడా తేడా వచ్చేది కాదు.

విశ్వకర్మ పూజకు మా వైపు యంత్రమన్నదల్లా కడిగి, పూలు కట్టి, ఆ రోజు నడపకుండా ఆపుతారు. ఉడన్ రైల్‌ను కడిగి, తుప్పు గీకి, రంగు పూసే పనిలో నేను రెండు రోజులు కునుకు తీయలేదు. పూజ మర్నాడు పొద్దున ఇంట్లోనే నా చెయ్యి మూడుసార్లు ఎగిరింది. ఎక్కకూడదని నాకు తెలుసు. ఈ వ్యాసంలో ఏ ముక్క మరిచిపోయినా ఈ ముక్క మరవకండి. నాకు తెలుసు.

ఇసుక ట్రిప్పు అయింది. నేను ముందు సీటులో కూర్చున్నాను. చైను టకటకమంటూ పైకి లాగింది. బండి కిందికి దూకి మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపులో తూర్పు ఎండ స్తంభాల సందుల్లోంచి వెలుగూ నీడా, వెలుగూ నీడాగా కళ్ళలో కొట్టింది. నాకు గుర్తున్నది అంతవరకే.

మెలకువ వచ్చేసరికి టికెట్ గదిలో బెంచీ మీద ఉన్నాను. నాలుక తెగి నోరంతా ఉప్పగా ఉంది. ఒళ్ళంతా రోకటితో దంచినట్టు నొప్పి. నడుము చుట్టూ బాబాయి ఎర్ర తువ్వాలు ఉంది.

ఆయన వంగి నా చెవిలో చెప్పాడు. "నిదానం బాబూ. ప్యాంటు తడిసినాది. నాను తువ్వాలు సుట్టీసినాను. ఎవులూ సూడలేదు."

అప్పుడే మేనేజరు వచ్చాడు. నా తెగిన నాలుకా, వాచిన పెదవీ చూశాడు. "క్యా హువా ఇంజినీర్ సాబ్? బ్రేక్ కా ఝట్కా లగా క్యా?"

బ్రేకు కుదుపు తగిలిందా అని అడిగాడు. అది ఆయన ఊహ. ఆయనే నా చేతికి అందించాడు. నేను అందుకున్నాను. "హా," అన్నాను, అవునని.

బాబాయి నా వైపు చూశాడు. బుర్ర ఇంకా తేరుకోలేదనుకున్నాడేమో, నా నడుము దగ్గర తువ్వాలు సరిచేశాడు.

ఆ మాట అక్కడ ఆగి ఉంటే మగతలో అన్నానని చెప్పుకోవచ్చు. మూడో రోజు పనిలోకి వెళ్ళి, బుర్ర పూర్తిగా తేరుకున్నాక, రిజిస్టరులో నా చేతితో రాశాను. బ్రేకు ఝట్కా అధికం. ముందు సీటు మనిషి ముఖం లాప్ బార్‌కు తగిలింది. ఆగిన దూరం 4.2 మీటర్లు. కింద సంతకం.

4.2 అన్నది నేను కొలవలేదు. నిజంగా కనిపించాలని చుక్క పెట్టి రెండు కలిపాను. ఇంకో సంగతి. అక్కడ బండి వేగానికి 4.2 మీటర్లలో ఆగినా మనిషి తూలతాడు తప్ప ముఖం పగలదు. ఐదు నిమిషాల లెక్క. ఎవరూ వేయలేదు. నా అక్షరాలు శుభ్రంగా ఉంటాయి, నా మాట మీద అందరికీ నమ్మకం ఉండేది.

మేనేజరు బాబాయిని పిలిచి రిజిస్టరు చదివి వినిపించాడు. నేను అదే గదిలో ఉన్నాను.

"నాలుగు మీటర్లా?" అన్నాడు బాబాయి. "బాబు కొలిసినాడా?"

"కొలవకుండా రాస్తాడా? ఇదిగో, సంతకం," అన్నాడు మేనేజరు హిందీలో.

బాబాయి తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత గోడకు తగిలించిన తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన స్థానంలో ఇంకొకణ్ణి పెట్టారు. అతనికి నిజంగానే చెయ్యి కుదరలేదు. జనం కుదుపుల గురించి గొడవ చేశారు. అనుమతులిచ్చే ఇన్‌స్పెక్టరు వచ్చి పాత రిజిస్టరు తిరగేసి, నేను రాసిన పేజీ దగ్గర ఆగాడు. గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకు పెట్టేదాకా బండి నడపొద్దన్నాడు. యజమాని పెట్టలేదు. ఆ చలికాలం నుంచి ఉడన్ రైల్ మళ్ళీ నడవలేదు. ఇన్‌స్పెక్టరు అన్నది తప్పు కాదు. ఆయన చదివిన నా పేజీ తప్పు.

ఇక వైద్యం సంగతి. మొదట సాక్చీలో ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరకు నాన్న తీసుకెళ్ళాడు. ఆయన ఓపికగా అడిగాడు. "ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా అయిందా? చిన్నప్పుడు? ఒళ్ళు జెర్క్ కొట్టడం లాంటిది ఏమైనా?"

"లేదు డాక్టర్."

"ముందు తల తగిలిందా, తర్వాత తెలివి తప్పిందా?"

"ముందు తగిలింది."

స్కల్ ఎక్స్‌రే తీయించాడు, నార్మల్. హెడ్ ఇంజురీ తర్వాత వచ్చిన ఫిట్ అని రాసి, ఫెనిటాయిన్ రోజుకు మూడు మాత్రలు ఇచ్చాడు. నేను చెప్పిన కథకు అది సరైన మందే. నా ఒంటికి కాదు.

రెండు నెలల్లో చిగుళ్ళు వాచాయి. చేతులు ఎగరడం ఆగలేదు. జనవరిలో ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ కుళాయి దగ్గర పడిపోయాను. రెండో ఫిట్. డాక్టరు కార్బమజెపిన్ కలిపాడు. దానితో ఒక్కొక్క వస్తువు రెండుగా కనపడేది, తాగినవాడిలా నడిచేవాణ్ణి. ఎగరడం ఇంకా పెరిగింది. ఇదివరకు నెలకు ఒకటో రెండో ఉండేవి, ఇప్పుడు వారానికి నాలుగైదు. "డోస్ సరిపోవడం లేదు," అని ఆయన పెంచాడు. నేను పెంచిన అబద్ధం మీద ఆయన మందు పెంచుతున్నాడు. అడిగిన ప్రతిసారీ జెర్క్స్ లేవనే చెప్పాను.

మార్చిలో ఒక పొద్దున అమ్మ గంజి వారుస్తోంది. గుడ్డ పట్టుకుని గిన్నె అవతలి అంచు నేను పట్టుకున్నాను. చెయ్యి ఎగిరింది. మరిగే గంజి అమ్మ ఎడమ ముంజేతి మీద పడింది. మోచేతి దాకా తోలు లేచిపోయింది.

ఆమె అరవలేదు. పెరట్లో కుళాయి కింద చెయ్యి పెట్టి, నేను బర్నాల్ తెచ్చేసరికి మెల్లగా అంది. "ఒరే, ఆ బ్రేకు నీకేటీ సెయ్యలేదు. నీ సెయ్యి అంతకుముందు నుంచీ గ్లాసులు ఇసురుతాది."

"నీకు తెలుసా?"

"నా ఇంట్లో గ్లాసులకి సొట్టలు ఎలాగ పడతన్నాయో నాకు తెలీదేటి? నీకు పిల్లనివ్వరని నోరు మూసుకున్నాను. నీదీ నాదీ ఒకటే తప్పు. ఇప్పుడు సెప్పీ."

సాక్చీ డాక్టరు దగ్గరకు వెళ్ళి చేతుల సంగతి చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. కోప్పడలేదు. "ఈఈజీ తీయించాలి. రాంచీ వెళ్ళు," అని చీటీ రాశాడు.

మా వైపు రాంచీ వెళ్ళాడంటే అర్థం వేరు. పిచ్చాసుపత్రి అక్కడే. బస్టాండులో నాన్న టికెట్టు అడుగుతూ గొంతు తగ్గించాడు. కండక్టరు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

రాంచీ డాక్టరు పెద్దాయన, నాడీ జబ్బుల మనిషి. తలకు జిగురుతో వైర్లు అంటించి ఈఈజీ తీశారు. కాగితం మీద పెన్నులు గీసినదాన్ని ఆయన గజాల లెక్కన తిరగేసి పెదవి విరిచాడు. "బోర్డర్‌లైన్. రెండు మందులు లోపల ఉన్నాయి, అవి గీతను కప్పేస్తున్నాయి. వాటిని మెల్లగా తగ్గించి మళ్ళీ తీయాలి. కానీ అంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. ముందు చెయ్యి కొట్టుకుందా, ముందు తల తగిలిందా? ఈ వరుస తేలితే రెండు వేరువేరు జబ్బుల్లో ఏదో తేలుతుంది. తెలివి తప్పినవాడు నీ వరుస నువ్వు చెప్పలేవు. మొదటి ఫిట్ ఎవరు చూశారు?"

"బ్రేకు వేసే మనిషి."

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"అయితే తీసుకురా. మెషిన్ సగం చెబుతుంది. చూసినవాడు మిగతా సగం చెబుతాడు."

ముంజేతికి కట్టు కట్టుకున్న అమ్మ ఒక పక్క. రెండు మందులు తగ్గిస్తే ఏమవుతుందోనన్న భయం ఇంకో పక్క. నా మొదటి ఫిట్‌కు సాక్షి ప్రపంచంలో ఒక్కరే, ఆయన్ని పనిలోంచి తీయించింది నేనే. బాగ్‌బేరా వెళ్ళడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇంటి నుంచి సైకిలు మీద నలభై నిమిషాల దారి.

సింహాచలం బాబాయి స్టేషన్ దగ్గర సైకిల్ స్టాండులో కూర్చుంటున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు.

"కూకో ఇంజినీర్ బాబూ. ఏటి ఇలగొచ్చినావు? సైకిల్ ఎట్టీడానికా?"

"నీతో పని ఉంది బాబాయ్."

"నాతో ఏటి పని? నా సేతులు పోనాయి కదా."

ఎత్తిపొడుస్తున్నాడనుకున్నాను. కాదు. మామూలుగానే చెప్పాడు. "నిజం బాబూ. ముప్పయ్యేళ్ళు యార్డులో సేసినాను, ఒక్క బండి గుద్దలేదు. ముసిలితనం ముందు సేతిలోకొస్తాదంటారు. నాలుగు మీటర్లలో ఆపీసినానంటే మరేటి. పిల్లడి మూతి పగలగొట్టీసినానని మా ఆడదాని కాడ ఏడిసినాను. దసరా ఎల్లాక గమ్హారియా కాడ ప్రైవేటు ఫ్యాక్టరీ పట్టాల సైడింగ్‌లో షంటింగ్‌కి పిలిసినారు. ఎల్లలేదు. కొలిసినోడు రాసినాడు కదా, నమ్మొద్దా? ఇంకోణ్ణి సంపీసీగలను."

ఆయన ఉద్యోగం పోగొట్టానని తెలిసే వెళ్ళాను. ఆయన చేతుల మీద ఆయనకున్న నమ్మకం కూడా పోగొట్టానని నాకు తెలియదు.

ఆయనే అడిగాడు. "ఆ దినం నువ్వు టేపు అట్టినావా?"

"లేదు బాబాయ్."

"మరి నాలుగు ఎక్కడిది?"

"నేనే రాశాను. నాకు మూర్ఛ. ముందు నుంచీ ఉంది. చెప్పుకోలేక రాశాను."

ఒక కుర్రాడు సైకిలు తీసుకుని వెళ్తూ టోకెన్ ఇచ్చాడు. బాబాయి అది తీసుకుని డబ్బాలో వేసి, మూత పెట్టాడు.

"నీ సెయ్యి రెండో మలుపు కాడే కొట్టుకున్నాది," అన్నాడు. "నాను సూసినాను. రెండు సేతులూ పైకి లెగిసినాయి. నువ్వు నాకేటో సైగ సేత్తన్నావు అనుకున్నాను. అందుకే ఇంకా మెల్లిగా ఆపినాను. అది సెప్పుదామంటే నువ్వు హా అన్నావు. నాకు కళ్ళు కూడా పోనాయి అనుకున్నాను."

రాంచీ సంగతి చెప్పాను. రమ్మని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు, అయినా అడిగాను.

"వత్తాను. ముందు నాకొక కాయితం కావాల. నువ్వు కొలవలేదని, నా సెయ్యి మంచిదేనని హిందీలో రాసి సంతకం ఎట్టు. ఎందుకు అలగ రాసినావో అది కూడా రాయి. ఎందుకో లేకపోతే ఎవులూ నమ్మరు."

ఎందుకో రాయడమంటే నా జబ్బు పేరు నా సంతకంతో ఊళ్ళో తిరగడం. ఇన్‌స్పెక్షన్ ఉద్యోగం పోవడం. ఎవరు అడిగితే వాళ్ళకు ఆ కాగితం చూపిస్తాడు, చూపించాలి కూడా. ఆ స్టూలు మీదే రాశాను. మిర్గీ అన్న మాట దగ్గర పెన్ను ఆగింది. ఆయన తొందరపెట్టలేదు. మూర్ఛకు హిందీ మాట అదే. రాశాను. చదివి వినిపించమన్నాడు. రెండుసార్లు చదివించుకున్నాడు. మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, "బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

మందులు తగ్గించే మూడు వారాలూ అమ్మ నన్ను పొయ్యి దగ్గరకు రానివ్వలేదు. తర్వాత బాబాయితో రాంచీ వెళ్ళాను. నాలుగు గంటల దారిలో ఆయన నాతో రెండే మాటలు మాట్లాడాడు. కిటికీ వెయ్యమని ఒకటి, తియ్యమని ఒకటి.

డాక్టరు ముందు మాత్రం నిలబడి, బండి, మలుపు, ఎండ, నా చేతులు, తన లీవరు, అన్నీ తన హిందీలో వరుసగా చెప్పాడు. బండి నా చేతులు లేచిన చోటు నుంచి బ్రేకు దగ్గరకు రావడానికి ఎంత సేపు పట్టిందో కూడా చెప్పాడు. గడియారంతో కాదు. "ఏక్, దో, తీన్, చార్," అని నాలుగు అంకెలు బండి వేగంతో లెక్కపెట్టి చూపించాడు.

డాక్టరు కుర్చీలో ముందుకు వంగి విన్నాడు. "ఇలాంటి హిస్టరీ నా స్టూడెంట్లు కూడా చెప్పరు," అన్నాడు.

ఈసారి ఈఈజీలో కళ్ళ ముందు లైటు టపటపా వెలిగించి ఆర్పారు. పెన్నులు ఒక్కసారి కాగితమంతా గీకేశాయి, నా భుజం లేచింది. "మయోక్లోనిక్ ఎపిలెప్సీ," అన్నాడు డాక్టరు. "తల దెబ్బతో వచ్చింది కాదు. నీతో వచ్చిన రకం. నిద్ర చాలకపోతే, ఇలా వెలుగు కొట్టుకుంటే లేస్తుంది. నువ్వు వాడిన రెండో మందు దీన్ని ఇంకా రెచ్చగొడుతుంది. మంచి మందు ఉంది. కానీ మానకూడదు. తగ్గిందని కూడా మానకూడదు."

సోడియం వాల్ప్రోయేట్ రాశాడు. అప్పుడు మా ఊళ్ళో దొరికేది కాదు, కలకత్తా నుంచి తెప్పించుకునేవాళ్ళం. మొదటి రెండు నెలలు కడుపులో తిప్పింది, జుట్టు కొంత రాలింది, ఆరు కిలోలు పెరిగాను. చేతులు ఎగరడం మూడో వారానికే ఆగింది. ఒక్కసారి, అన్నీ బాగున్నాయి కదా అని రెండు రోజులు మాత్ర మానాను. మూడో రోజు ఉదయం ఫిట్ వచ్చింది. అదే ఆఖరిది. ఇప్పటికి రెండేళ్ళు దాటింది.

బాబాయికి రాసిచ్చిన కాగితానికి ఒక నకలు రాసి పార్కు మేనేజరుకు నేనే ఇచ్చాను. ఆయన చదివి, "అబ్ క్యా ఫాయిదా, ఇంజినీర్ సాబ్?" అన్నాడు. ఇప్పుడేం లాభం అని. కిటికీలోంచి గ్యాస్ కటింగ్ నిప్పురవ్వలు కనపడుతున్నాయి. ఉడన్ రైల్‌ను తుక్కు కింద అమ్మేశారు. నేను టేపు పట్టిన స్తంభాలు నాలుగు ముక్కలై లారీ ఎక్కాయి. దేశంలోకెల్లా ఎత్తైన అన్న బోర్డు ముక్కను ఎవరో ఛాయ్ దుకాణానికి పైకప్పు చేసుకున్నారు.

బాబాయి ఆ కాగితం పట్టుకుని గమ్హారియా వెళ్ళాడు. అప్పటికే అక్కడ మరొకరిని పెట్టుకున్నారు. ఆయన ఇంకా సైకిల్ స్టాండులోనే ఉన్నాడు. నన్ను చూస్తే పలకరిస్తాడు. "మాత్ర ఏసుకున్నావా?" అని అడుగుతాడు. క్షమించానని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆయన మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది.

వర్క్‌షాపు వాళ్ళు నన్ను ఇన్‌స్పెక్షన్ నుంచి తీసి డ్రాయింగ్ బోర్డు దగ్గర కూర్చోబెట్టారు. ఎత్తు ఎక్కను, సైకిలు ఒంటరిగా తొక్కను, పది గంటలకు పడుకుంటాను. మా వీధిలో అందరికీ తెలుసు. కొందరు జాలిగా చూస్తారు, ఒక సంబంధం వెనక్కి పోయింది. అమ్మ ముంజేతి మీద మచ్చ అలాగే ఉంది. వీటిలో ఏదీ నేను భయపడినంత కష్టం కాదు. ఆ సైకిల్ స్టాండు ముందు నుంచి వెళ్ళడమే ఇప్పటికీ కష్టం. పని ఉన్నా లేకపోయినా వారానికోసారి వెళ్తాను.

చదువుతున్నవాళ్ళలో ఫిట్స్ ఉన్నవాళ్ళూ, ఇంట్లో ఉన్నవాళ్ళూ ఉంటారు. నేను చెప్పగలిగిన పనికొచ్చే మాట ఒకటే. డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు ఒక కాగితం మీద మీ ఒంట్లో జరిగినవన్నీ వరుసగా రాయండి. ఏది రాయడానికి సిగ్గేస్తుందో దాన్ని అన్నింటికంటే పైన రాయండి. మీరు పడిపోయినప్పుడు చూసినవాళ్ళను వెంట తీసుకెళ్ళండి. చిన్నవాళ్ళైనా, చదువు లేనివాళ్ళైనా, మీతో మాటలు లేనివాళ్ళైనా సరే. వాళ్ళ గడప తొక్కడానికి మీకు ముఖం చెల్లకపోతే, డాక్టరు దగ్గరకంటే ముందు అక్కడికే వెళ్ళండి.